బుడగలు పగలగొట్టుటకు అనుమతి

రేవుపాలెం శ్రీ ధన్వంతరి వైద్య విజ్ఞాన సంస్థలో విరిగిన కుర్చీని పారేయడం కంటే మనిషికి గుండె మార్చడం తేలిక. గుండెకైతే ఇద్దరు డాక్టర్లు ఊ అంటే చాలు. కుర్చీకి మాత్రం ముగ్గురు సభ్యుల కండెమ్నేషన్ కమిటీ రావాలి. కమిటీ వారు వచ్చి, దాన్ని ఎత్తి చూసి, ఊపి చూసి, వేలితో కొట్టి చూసి, ఇక పనికిరాదని ముగ్గురూ సంతకాలు చేసి, సుద్దముక్కతో దాని వీపున ఇంటూ గుర్తు పెట్టేదాకా అది కుర్చీయే. దానిమీద రోగిని కూర్చోబెట్టకపోతే ఎందుకు కూర్చోబెట్టలేదని అడుగుతారు. కూర్చోబెడితే ఎందుకు పడేశారని అడుగుతారు. రెండో అంతస్తు వరండాలో అలాంటి కుర్చీలూ, మంచాలూ, సెలైన్ స్టాండులూ గోడవారగా నిలబడి తమ వంతు కోసం చూస్తుంటాయి. వాటి పక్కనే రోగులు నిలబడి తమ వంతు కోసం చూస్తుంటారు.

ఇదంతా డాక్టర్ స్వరాజ్యలక్ష్మికి తెలియనిది కాదు. పదకొండేళ్లుగా ఆవిడ ఆ సంస్థలో అల్ట్రాసౌండ్ గది చూసుకుంటోంది. ఆ గదిలో తిరగని ఫ్యానొకటి కమిటీ కోసం నాలుగేళ్లుగా ఎదురుచూస్తోంది. అయితే ఆ నియమం బుడగలక్కూడా వర్తిస్తుందని పాపం ఆవిడకేం తెలుసు? ఎవరికి మాత్రం తెలుస్తుంది?

అవి మామూలు బుడగలు కావు. పరిశోధన మండలి వారు మంచుగడ్డల పెట్టెలో మూడంటే మూడు సీసాలు పంపారు. సీసాలో నీళ్లు కలిపి నరంలోకి ఎక్కిస్తే కోట్లకొద్దీ బుడగలు నెత్తుటిలో ప్రయాణం కడతాయి. ఒక్కోటి ఎర్రకణం కంటే చిన్నది. పైన సన్నటి కొవ్వు పొర, లోపల కాస్త గ్యాసు, పొర మీద కంటికి కనపడని కొక్కేలు. కేన్సరు గడ్డ తన తిండి కోసం కొత్త రక్తనాళాలు పుట్టించుకుంటుంది కదా, ఆ నాళాల గోడ దొరికితే చాలు, ఉత్తరేణి గింజలు చీర కుచ్చిళ్లకు అంటుకున్నట్టు ఈ బుడగలు అక్కడ అంటుకుపోతాయి. మంచి నాళాలైతే ముట్టుకోవు. పది నిమిషాలకు తిరిగేవన్నీ పోయి, అంటుకున్నవే మిగులుతాయి. అల్ట్రాసౌండ్ తెర మీద అవి తెల్లగా కనిపిస్తాయి. కానీ తెల్లగా కనిపించేవన్నీ బుడగలు కావు, మామూలు కండ నీడ కూడా మసకమసగ్గా ఉంటుంది. అందుకని పదో నిమిషాన ఒక మీట నొక్కి, గట్టి తరంగం పంపి, బుడగలన్నిటినీ ఒక్కసారిగా పగలగొట్టాలి. తెలుపు ఆరిపోయిందా, అవి బుడగలే, గడ్డ చెడ్డది. ఆరలేదా, అక్కడేమీ అంటుకోలేదు, గడ్డ మంచిది. ఆ మీట నొక్కనిదే ఏదీ తేలదు. కథంతా ఆ మీట దగ్గరే ఉంది.

ఆ వారం ఆ మీట అవసరమైన మనిషి నూకరత్నం. రేవు దగ్గర మరమరాల మిక్చర్ బండి నడుపుతుంది. ముప్పై రెండేళ్లు. నోరు పెద్దది, నవ్వు అంతకంటే పెద్దది. ఆమె అండాశయం మీద నిమ్మకాయంత గడ్డ కనిపించింది. రక్తపరీక్షలు అటూ చెప్పలేదు, ఇటూ చెప్పలేదు. శుక్రవారం పొద్దున ఆపరేషన్ అని సర్జన్ తేదీ వేశాడు.

"స్కాన్‌లో మంచిదని తేలితే గడ్డొక్కటీ తీసి కుట్టేస్తా మేడం," అన్నాడు సర్జన్. "గురువారం సాయంత్రానికి రిపోర్టు నా టేబుల్ మీద లేకపోతే మాత్రం నేను రిస్కు తీసుకోను. రెండు అండాశయాలూ, గర్భసంచీ, మొత్తం తీసేస్తా."

ఈ సంగతి స్వరాజ్యలక్ష్మి నూకరత్నానికి మెల్లిగా చెప్పింది. నూకరత్నం కాసేపు తన గాజులు లెక్కపెట్టుకుంది.

"రెండు మాట్లు కడుపు నిలబడ్నేదమ్మా," అంది. "మూడోమాటు సూద్దారని మావోడూ నానూ అనుకుంతన్నాం. ఆ సంచీ ఉంటేనే కదేటి సూడ్డం."

స్వరాజ్యలక్ష్మి ఆమెను సోమవారం పొద్దున్నే రమ్మంది.

సోమవారం మొదటి సీసా ఎక్కించారు. తెర మీద బుడగలు చీమలబారులా కదులుతున్నాయి. ఎనిమిది నిమిషాలు గడిచాయి. స్వరాజ్యలక్ష్మి మీట మీదికి వేలు తెచ్చిపెట్టుకుంది. అప్పుడు తలుపు తోసుకుని ఏ.ఓ. భుజంగరావు గారు లోపలికి వచ్చారు. ఏ.ఓ. అంటే సంస్థకు పరిపాలనాధికారి. ఏ కాగితాన్నైనా ఆఖరి పేజీ వరకూ చదివే అధికారి ఆ సంస్థలో ఆయనొక్కరే. అదే కొంప ముంచింది.

"మేడం, సదరు స్కానుకు సంబంధించి తమరు దాఖలు చేసిన విధానపత్రం, పదిహేడో పేజీ, నాలుగో పేరా," అని కళ్లజోడు సర్దుకుని చదివారు. "'పదవ నిమిషమున అధికశక్తి తరంగముతో బుడగలను ధ్వంసము చేయవలెను.' ఇది తమరి సంతకమేనా?"

"నాదేనండీ. ఇంకో రెండు నిమిషాలుంది, కూర్చోండి."

"కూర్చునే విషయం కాదిది. ధ్వంసము చేయవలెను అంటే ఎవరు చేయవలెను?"

"నేనే. ఈ మీట నొక్కితే పగిలిపోతాయి."

"బుడగలు ఎవరివి?"

"పరిశోధన మండలి పంపిందండీ."

"సంస్థ పేరున వచ్చినవి సంస్థవి. సంస్థవి ప్రభుత్వానివి," అన్నారు భుజంగరావు గారు. "అందునా కొత్తవి. సీలు తీసి పావుగంటైనా కాలేదు. నిక్షేపంలా పనిచేస్తున్న ప్రభుత్వ ఆస్తిని, ఒక ఉద్యోగి, కమిటీ ప్రమేయం లేకుండా, స్వహస్తాలతో..."

వాక్యం పూర్తిచేయకుండానే ఆయన వంగారు. యాభై ఏడేళ్ల నడుము, మధ్యలో ఒకసారి ఆగి మూలిగి, మళ్లీ వంగి, గోడకున్న ప్లగ్గు స్వయంగా పీకేశారు. తెర నల్లబడింది.

"అయ్యో, ఏంటండీ ఈ పని," అంది స్వరాజ్యలక్ష్మి.

"నేరం జరగకుండా నివారించాను. తమరు తర్వాత నాకు కృతజ్ఞతలు చెబుతారు."

ఆ తర్వాత ఆయన లక్క తెప్పించారు. ఆ మీట చుట్టూ తెల్లగుడ్డ చుట్టి, దారం కట్టి, లక్క కరిగించి పోసి, సంస్థ ముద్ర గుద్దారు. పక్కనున్న మీటలకు కాస్త లక్క అంటితే గోటితో గీకి తీశారు కూడా. పని అంటే ఆయనకు అంత శ్రద్ధ.

"ఇప్పుడు సదరు బుడగలు ఎక్కడున్నాయి?" అని అడిగారు చేతులు తుడుచుకుంటూ.

"ఆవిడ ఒంట్లో. కాసేపటికి వాటంతటవే కరిగిపోతాయి. లోపలి గ్యాసు ఊపిరితో పాటు బయటికి పోతుంది."

భుజంగరావు గారు తుడుచుకోవడం ఆపారు. "బయటికి అంటే?"

"ముక్కులోంచి."

"అది కాదు మేడం, ఏ గేటులోంచి?"

సంస్థ ఆస్తి గేటు దాటాలంటే గేటు పాస్ ఉండాలి. గుండుసూది దాటినా ఉండాలి. ప్రభుత్వ వాయువును ఛాతీలో పెట్టుకుని ఒక మనిషి నడిచి వెళ్లిపోవడం ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో ఆయన చూడలేదు. నూకరత్నాన్ని వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి, సెక్యూరిటీ గార్డును కాపలా పెట్టారు.

"ఏటి బాబూ, నా ఊపిరికి గేటుసీటీ గావాలా?" అంది నూకరత్నం.

"మీ ఊపిరికి కాదమ్మా, అందులో కలిసినదానికి," అన్నారు ఆయన మర్యాదగా. "ఓ గంటసేపు ఊపిరి ఆవరణలోనే వదలండి. ఆ తర్వాత వదిలేది మీ సొంతం."

"తుమ్మొచ్చితేనో?"

ఆయన దాని గురించి నిజంగానే ఆలోచించారు. "గేటు వైపు తిరిగి తుమ్మకండి," అన్నారు.

గంట తర్వాత ఆమెను వదిలారు. సాయంత్రానికి స్వరాజ్యలక్ష్మికి మెమో వచ్చింది. బుడగలు గల్లంతైన విషయమై సంజాయిషీ ఇవ్వాలనీ, తదుపరి బుడగలను ధ్వంసం చేయదలచినచో కండెమ్నేషన్ కమిటీ ముందు ప్రవేశపెట్టాలనీ అందులో ఉంది. ఆవిడ అరగంట సేపు ఆ లక్కముద్ర వైపు చూస్తూ కూర్చుంది. పేపర్ కట్టర్ చేతికి అందేంత దూరంలోనే ఉంది. ముద్ర పగలగొడితే సస్పెన్షన్ ఆర్డరు వస్తుంది, అది వస్తే మిగిలిన రెండు సీసాలు అల్మారాలోకి పోతాయి, నూకరత్నం ఆపరేషన్ బల్ల మీదికి పోతుంది. ఆవిడ కట్టర్‌ని సొరుగులో పెట్టి, కమిటీకి దరఖాస్తు రాసింది.

కమిటీ బుధవారం వచ్చింది. సామాన్యంగా ఏడాదికి ఒకసారి వచ్చే కమిటీ రెండు రోజుల్లో రావడానికి కారణం, బుడగల్ని చూడాలని వారికే కుతూహలంగా ఉండటం. భుజంగరావు గారు కన్వీనరు. భవనాల ఇంజనీరు ఒక సభ్యుడు. రెండో సభ్యురాలు వంటశాల సూపర్‌వైజరు కనకదుర్గమ్మ గారు. ఎప్పుడో చిల్లుపడ్డ గరిటెల్ని తీసేయడానికి ఆవిణ్ని కమిటీలో వేశారు, తీసేయడం మరిచిపోయారు.

రెండో సీసా ఎక్కించారు. ఎనిమిది నిమిషాలయింది.

"సార్, ఇప్పుడు ముద్ర తీస్తే పదో నిమిషానికి నొక్కేస్తాను," అంది స్వరాజ్యలక్ష్మి.

"తొందరపడకండి. ముందు భౌతిక తనిఖీ," అన్నారు భుజంగరావు గారు.

ఇంజనీరు తెర దగ్గరికి ముక్కు పెట్టి చూశాడు. "ఇవి కదుల్తున్నాయి. కదిలేవాటిని తనిఖీ చేయడం కుదరదు. నిలబెట్టండి."

"నిలబెడితే బొమ్మ నిలబడుతుందండీ, బుడగలు నిలబడవు."

"బొమ్మే నిలబెట్టండి. మాకు రికార్డుకి కావాలి."

ఆవిడ బొమ్మ నిలబెట్టింది. గడియారం మాత్రం నడుస్తోంది. ఇంజనీరు అలవాటు ప్రకారం వేలు మడిచి తెర మీద రెండుసార్లు కొట్టి, చెవి పెట్టి విన్నాడు. చప్పుడు గట్టిగానే ఉందని రాసుకున్నాడు.

"ఒక్కటైనా చేతికిస్తే బాగుండేది," అన్నాడు.

"ఒక్కటి చాలదేవిటండీ," అంది కనకదుర్గమ్మ గారు. "అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి గుండిగంతా పిసుకుతామా? ఒక్క మెతుకు పట్టుకుంటాం. ఏవమ్మా డాక్టరమ్మా, ఒక్క బుడగ బయటికి తీయించగలవా?"

"తీయలేనండీ. కంటికి కనపడదు."

"కంటికి కనపడని వస్తువు పాడైపోయిందని సంతకం ఎలా పెడతామమ్మా?" అంది ఆవిడ. అందులో న్యాయం లేకపోలేదు.

భుజంగరావు గారు ఫారం తీసి కలం విప్పారు. "ప్రశ్న ఒకటి. సదరు వస్తువు ప్రస్తుతం పనిచేయుచున్నదా?"

"చేస్తోందండీ."

"అయితే కండెమ్ చేయుట కుదరదు. పనిచేయు వస్తువును పగలగొట్టుటకు ఏ కమిటీకీ అధికారం లేదు."

"పనిచేయకపోతే?"

"అప్పుడు నిరభ్యంతరంగా పగలగొట్టవచ్చు."

"సార్, పగిలితేనే అది పనిచేసినట్టు. పగలకుండా పోయిందంటే పనిచేయనట్టు. పనిచేయనప్పుడు పగలగొట్టడానికి అక్కడేం మిగలదు."

ఆయన చాలాసేపు ఆ మాట నమిలారు. "తమరు చెప్పినదాన్ని బట్టి," అన్నారు చివరికి, "లోపం బుడగలో ఉంది. మా ఫారంలో లేదు."

మంచం మీద నూకరత్నం అందరి మొహాలూ చూస్తోంది. "బాబూ, బేగి తేల్సండి, నా కాళ్లు తిమ్మిరెక్కిపోనాయి," అంది. ఎవరూ వినిపించుకోలేదు. ముగ్గురూ 'పాక్షికంగా పనిచేయుచున్నది' అనే గడి ఒకటి గీసుకోవచ్చా కూడదా అని ఇంకో ఇరవై నిమిషాలు చర్చించారు. నిలబెట్టిన బొమ్మను వదిలేసరికి తెర మీద బూడిదరంగు మంచు తప్ప ఏమీ లేదు. అది అంటుకున్న బుడగల మిగులో, మామూలు కండ నీడో చెప్పడానికి బ్రహ్మదేవుడి తరం కూడా కాదు.

అయినా కమిటీ ఖాళీ చేతులతో వెళ్లలేదు. బుడగలు స్వయంగా ధ్వంసమైనవని నిర్ణయించారు. ధ్వంసమైన ఆస్తి తాలూకు శిథిలాలను సేకరించి వేలం వేయాలి, అది నియమం. శిథిలాలు ఊపిరిలో ఉన్నాయి. పిల్లల వార్డు అలంకరణకని తెచ్చిన ఎర్ర బెలూన్లు ఒక పొట్లం తెప్పించి నూకరత్నం చేతికిచ్చారు.

నూకరత్నం పదకొండు బెలూన్లు ఊదింది. ఊదేకొద్దీ ఆమెకు నవ్వు వచ్చింది, నవ్వొచ్చినప్పుడల్లా బెలూను తుస్సుమంది, తుస్సుమన్నప్పుడల్లా భుజంగరావు గారు దాన్ని నష్టం కింద రాయించారు. మర్నాటి దాకా ఆగడమెందుకని, ప్రతి వేలానికీ వచ్చే పాత ఇనుము వ్యాపారికి అప్పుడే కబురుపెట్టారు. ఆయన వచ్చి బెలూన్ల గుత్తిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇందులో ఏముందండీ?"

"ప్రభుత్వ వాయువు," అన్నారు భుజంగరావు గారు.

"మా మనవరాలు ఆడుకుంటుందేమో. ఒకటివ్వండి."

"సదరు మనవరాలు టెండరు వేయాలి."

వ్యాపారి ఆయన్ని కాసేపు జాలిగా చూసి, సైకిలెక్కి వెళ్లిపోయాడు.

ఆ నవ్వుల్లోనే నూకరత్నం మెట్లు దిగుతూ ఆగిపోయింది. స్వరాజ్యలక్ష్మి చెయ్యి పట్టుకుంది. "అమ్మా, నానేదో నవ్వేస్తన్నాను గానీ, నాకు బయ్యంగా ఉంది. ఎల్లుండి నన్ను మొత్తం కోసేస్తారు కదా. ఈ బాబులు ఒప్పుకోరు కదా."

స్వరాజ్యలక్ష్మికి ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. "రేపు పొద్దున రా," అంది. "ఒక్క సీసా ఉంది. రేపు నేనే ఆ మీట నొక్కుతాను, ఉద్యోగం పోతే పోనీ." అని నేరుగా డైరెక్టరు గారి దగ్గరికి బయల్దేరింది, ముందుగా చెప్పి మరీ నొక్కాలని.

డైరెక్టరు సోమసుందరం గారు గదిలో లేరు. ఆయన గదిలో ఉండటం అరుదు. ఆయనకు ప్రారంభోత్సవాలంటే ప్రాణం. ఒకే లిఫ్టును మూడుసార్లు ప్రారంభించిన మనిషి, రెండోసారి అది పనిచేయలేదు కాబట్టి మూడోసారి. ఆ సాయంత్రం కింది అంతస్తులో మంచినీళ్ల ఫిల్టరు ప్రారంభిస్తున్నారు. స్వరాజ్యలక్ష్మి వెళ్లేసరికి ఆయన పసుపూ కుంకుమా పెట్టిన కొబ్బరికాయను రెండు చేతులతో ఎత్తి, నేలకేసి ఒక్క దెబ్బ కొట్టారు. కాయ నాలుగు చెక్కలైంది. అందరూ చప్పట్లు కొట్టారు. భుజంగరావు గారు అందరికంటే గట్టిగా కొట్టారు.

స్వరాజ్యలక్ష్మి చెప్పదలచుకున్న మాట నోట్లోనే ఆగిపోయింది. నేలమీద చెక్కల్ని చూసింది. భుజంగరావు గారిని చూసింది. మెల్లిగా ఆయన పక్కకు చేరింది.

"సార్, ఈ కాయ ఎవరిదండీ?"

"ఆఫీసుది."

"కొత్తదేనా?"

"నిన్ననే తెప్పించాం. మంచి నీళ్లకాయ."

"పనిచేసే స్థితిలోనే ఉందా?"

"ఉండకేం? లోపల గలగలమంటుంటేనే తీసుకున్నాం."

"మరి కమిటీ కూర్చోకుండానే పగలగొట్టేశారు కదండీ."

భుజంగరావు గారు చిన్నపిల్లకు చెప్పినట్టు నవ్వారు. "మేడం, ఇది ధ్వంసం కాదు. ప్రారంభోత్సవం. ప్రారంభోత్సవమందు పగులగొట్టబడు వస్తువులు కండెమ్నేషన్ పరిధిలోకి రావు."

"మరి చెక్కలు వేలం వేయాలా?"

"ప్రసాదాన్ని వేలం వేస్తారా ఎక్కడైనా?"

"అయితే సార్," అంది స్వరాజ్యలక్ష్మి, మొహంలో ఏ భావమూ లేకుండా, "రేపు నా గదిలో బుడగల ప్రారంభోత్సవం. డైరెక్టరు గారి అమృతహస్తాలతో. ఆయన మీట నొక్కగానే బుడగలు పగులుతాయి. కొబ్బరికాయకు బదులు."

భుజంగరావు గారు కళ్లు మూసుకున్నారు. ఇరవై తొమ్మిదేళ్లుగా చదివిన నియమాలన్నిటినీ ఒక్కొక్కటిగా తిరగేస్తున్నట్టున్నారు. కళ్లు తెరిచేసరికి ఆయన మొహం వెలిగిపోతోంది.

"అభ్యంతరం కనబడుట లేదు," అన్నారు. ఆయన దుర్మార్గుడు కాడండీ. దారి కనబడితే అందరికంటే ముందు నడిచే మనిషే. దారి ఫైల్లో ఉండాలి, అంతే.

ఇక మిగిలింది సమయం. డైరెక్టరు గారు డాక్టరు చెప్పిన నిమిషానికి రారు. ఎవరు చెప్పిన నిమిషానికీ రారు, ఒక్కరు తప్ప. ఆ ఒక్కరు రికార్డు గది గుమాస్తా సీతారామశాస్త్రి. సంస్థలో కొత్త ఆపరేషన్ థియేటరు తెరవాలన్నా, ట్రాన్స్‌ఫరై వచ్చినవారు జాయినింగ్ రిపోర్టు ఇవ్వాలన్నా ముహూర్తం ఆయనే పెడతాడు. స్వరాజ్యలక్ష్మి ఆయన దగ్గర కూర్చుని నూకరత్నం సంగతంతా చెప్పింది. శాస్త్రి పంచాంగం తెరిచాడు, మూశాడు.

"మీరు సూది ఎన్నింటికి వేస్తారమ్మా?"

"పదకొండూ ముప్పై రెండుకి."

"అయితే పదకొండూ నలభై రెండుకి దివ్యమైన లగ్నం," అన్నాడు శాస్త్రి. "ఆ నిమిషం దాటితే ప్రారంభించినవారి పదవికి గండమని కూడా రాస్తాను. మంచిపనికి ఒక అబద్ధం నా మీద వేసుకుంటే శాస్త్రమేం అనుకోదు."

గురువారం అల్ట్రాసౌండ్ గది మామిడాకులతో కళకళలాడింది. స్కాన్ మెషీను మీద పూలదండ వేశారు, తెరకు అడ్డం రాకుండా స్వరాజ్యలక్ష్మి దాన్ని రెండుసార్లు పక్కకు జరిపింది. కమిటీ ముగ్గురూ వచ్చారు. ఫొటోగ్రాఫరు వచ్చాడు. మంచం మీద నూకరత్నం, పొట్ట తప్ప ఒళ్లంతా దుప్పటి కప్పుకుని, పెళ్లిపందిట్లో పడుకున్నదాన్లా బిత్తరచూపులు చూస్తోంది. భుజంగరావు గారు లక్కముద్రను తామే స్వయంగా తొలగించి, దాని స్థానంలో ఎర్ర రిబ్బన్ కట్టారు. పదకొండూ ముప్పై రెండుకి ఆఖరి సీసా నరంలోకి ఎక్కింది. ఇక ఇంకోటి లేదు.

పదకొండూ ముప్పై అయిదుకి డైరెక్టరు గారు పట్టు ఉత్తరీయంతో వచ్చి ప్రసంగం మొదలుపెట్టారు.

"బుడగ. బుడగ అనగానేమి? ఆలోచిస్తే ఈ జీవితమే ఒక బుడగ. మన సంస్థ కూడా, ఒక విధంగా చెప్పాలంటే..."

స్వరాజ్యలక్ష్మి గడియారం చూసుకుంది. ముప్పై తొమ్మిది. డైరెక్టరు గారు తమ బాల్యంలో సబ్బునీళ్లతో ఊదిన బుడగల దగ్గర ఉన్నారు. నలభై. కాలేజీ చదువు దగ్గరికి వచ్చారు. నలభై ఒకటి. నూకరత్నం పొట్ట మీద ఆనించిన ప్రోబు ఆవిడ చేతిలో జారుతోంది. తెర మీద తిరిగే బుడగలు పోయాయి. గడ్డ ఉన్నచోట బూడిదరంగు మంచు మిగిలింది. అదేమిటో ఇంకా తెలియదు.

"లగ్నం," అన్నాడు సీతారామశాస్త్రి మెల్లిగా. "గండం."

డైరెక్టరు గారు వాక్యం మధ్యలో ఆగిపోయారు. కత్తెర తీసుకుని రిబ్బన్ కత్తిరించి, కుడిచేతి చూపుడువేలితో మీట నొక్కారు. సరిగ్గా పదకొండూ నలభై రెండు.

తెర ఒక్కసారి తెల్లగా మెరిసింది. మళ్లీ మంచు. ఇందాక ఎలా ఉందో అలాగే, రవ్వంత కూడా తగ్గలేదు.

చప్పట్లకు లేచిన చేతులు లేచిన చోటే ఆగాయి.

"పగిలాయా?" అన్నారు డైరెక్టరు గారు.

ఆయన మళ్లీ నొక్కారు. మెరుపు, మంచు. ఇంకాస్త గట్టిగా, బొటనవేలితో నొక్కారు. మెరుపు, మంచు. ఫొటోగ్రాఫరు కెమెరా దించి, "సార్, ఏది తీయమంటారు?" అన్నాడు. ఇంజనీరు తెరను వేలితో కొట్టి చూసి పెదవి విరిచాడు. పదవీ గండం గుర్తొచ్చి డైరెక్టరు గారి మొహం మాడిపోయింది. భుజంగరావు గారు స్వరాజ్యలక్ష్మి చెవి దగ్గర వంగారు.

"మేడం, ఒక్కటి కూడా పగల్లేదంటే రికార్డులో ఏమని రాయాలి? ప్రారంభోత్సవం విఫలమైనట్టేనా?"

ఆవిడ తెర మీదున్న ఆ కదలని మంచును చూస్తోంది. ఒకసారి చూసి, నమ్మక, ముందు బొమ్మా తర్వాత బొమ్మా పక్కపక్కన పెట్టి మళ్లీ చూసింది. తేడా లేదు. కళ్లజోడు తీసి చీరకొంగుతో కళ్లు తుడుచుకుంది.

మంచం మీంచి నూకరత్నం అది చూసింది. ఒకరి తర్వాత ఒకరి మొహం చూసింది.

"అమ్మా," అంది. "అందరి మొగాలూ అలగైపోనాయేటి? నాకేటైనా..."

"నీకేం లేదు," అంది స్వరాజ్యలక్ష్మి ఆమె చెయ్యి పట్టుకుని. "పగలడానికి అక్కడ ఒక్క బుడగ కూడా అంటుకోలేదు నూకరత్నం. నీ గడ్డ మంచిది. రేపు అదొక్కటే తీస్తారు. మిగతావన్నీ నీవి నీకే ఉంటాయి. వీళ్ల మొహాలు వాడిపోయాయంటే నీకంతా బాగున్నట్టే."

నూకరత్నం కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారాయి, తుడుచుకోలేదు. తర్వాత తల పక్కకు తిప్పి, డైరెక్టరు గారి మొహం, ఇంజనీరు మొహం, భుజంగరావు గారి మొహం ఒక్కొక్కటే తీరిగ్గా చూసింది.

"ఇంకాసేపు అలగే ఉండమనండమ్మా," అంది. "సూడ్డానికి ఎంత బాగున్నారో."